జీరో టికెట్టు నవల

బస్సు ఇంకా కదలలేదు గానీ జ్యోతిరాణి మనసు అప్పుడే జానకంపేట దాకా పోయి తిరిగొచ్చింది. ముందు సీటు ఇంకా ఖాళీ. నిజామాబాద్ బస్టాండులో శనివారం మధ్యాహ్నం పూట బోధన్ బస్సులో సీటు ఖాళీగా ఉందంటే అది దేవుడి దయ కాదు, దాని మీద ఎవరిదో దస్తీ ఉందని అర్థం. ఆ దస్తీ ఆమెదే. తను కిటికీ పక్కన, పక్క సీట్లో తన సంచి, ముందు సీట్లో తన దస్తీ. ఒక్క మనిషికి ఇన్ని సీట్లేమిటని గట్టిగా నిలదీస్తే జవాబు లేదు కాబట్టి, ఎవరు అడిగినా "ఉన్నరు, వస్తుండ్రు" అని ఒక్క మాట చెప్పి బయట బత్తాయిల బండిని చాలా శ్రద్ధగా చూస్తోంది. రావలసిన వాళ్ళు చుట్టాలు కారు, స్నేహితులు కారు, ఇన్నాళ్ళలో వాళ్ళతో ఒక్కసారి మాట కలిపింది లేదు. పొద్దున్నే ఎడపల్లి నుంచి పుంటికూర, తోటకూర గంపలతో వచ్చి, అమ్ముకుని, మధ్యాహ్నం ఖాళీ గంపలతో తిరిగిపోయే ఇద్దరు ఆడవాళ్ళు, పెంటవ్వ, సుమిత్ర. ఆ పేర్లు కూడా వాళ్ళు ఒకరినొకరు పిలుచుకుంటుంటే విన్నవే. నిరుటి బతుకమ్మ దాటినప్పటి నుంచి శనివారం శనివారం వాళ్ళ వెనక సీట్లో కూర్చుని, వాళ్ళ ముచ్చట విని, ఇంటికి పోయి నవల రాస్తోంది జ్యోతిరాణి. నవలకు ఇప్పుడు ముగింపు ఒక్కటే కావాలి. అది ఆ ఇద్దరి దగ్గర ఉంది. వాళ్ళేమో రాలేదు.

రాకపోతే ఏమవుతుంది అంటే, పరమేశ్వర్ పొద్దున ఫోన్లో చెప్పిందే అవుతుంది. ఆమె పుస్తకాలన్నీ అచ్చేసేది పరమేశ్వరే. అతని ప్రెస్సుకు అసలు బతుకుదెరువు పెళ్ళి పత్రికలు, ఆమె నవలలు వాటి మధ్య సందుల్లో దూరేవి. "అక్కా, పుష్యం అయిపోవట్టె. రేపట్నుంచి మాఘం, ఇగ మా మీద పత్రికలు పడ్తయి. ఇయ్యాల పొద్దుమూకే లోపట చివరి పేజీ ఇయ్యకుంటె మీ నవల ఆషాఢం దాక మూలకే." చివరి పేజీ ఒక్కటే కదా తమ్మీ, మిగతావన్నీ ఎక్కించెయ్యి అంటే, "పెండ్లికొడుకు పేరు లేకుండ పత్రిక కొట్టుమన్నట్టుంది మీ ముచ్చట" అన్నాడు. అదీ నిజమే. ఆషాఢం అంటే పెళ్ళిళ్ళు లేని నెల, ప్రెస్సు నిద్రపోయే నెల, అప్పుడు కూడా నవల నవలే కదా అని ఇంకెవరైనా అనుకోవచ్చు. జ్యోతిరాణి అనుకోలేదు. ఒక నవలను ఆమె ఒకసారి అట్లా మూలన పెట్టి చూసింది. వానలు పడి, పిల్ల పరీక్షలొచ్చి, అత్తగారి కంటి ఆపరేషనై, మళ్ళీ తీసి చూసేసరికి అందులోని మనుషులు ఎవరో పరాయివాళ్ళ లాగా ముఖం తిప్పుకున్నారు. కలిపి మర్చిపోయిన అప్పడాల పిండి అది, ఎంత పిసికినా మళ్ళీ సాగదు.

"అక్కా, ఆధార్ తియ్యి" అన్నాడు కండక్టర్ ముత్యం, తియ్యకముందే జీరో టికెట్టు చింపి చేతిలో పెట్టాడు. అతనికి ఆమె మీద గౌరవం. బస్సులో కూర్చున్నంతసేపూ పెదవులు కదుపుతూ ఉంటుంది కాబట్టి జపం చేసుకుంటుందని అతని నమ్మకం. ఒకసారి పక్కవాళ్ళను ఆమె మీదికి ఒరగకుండా సర్దుకోమని కూడా చెప్పాడు, అమ్మను జర తిప్పల పెట్టకుండ్రి అని. ఆమె కదిపేది వాక్యాలు. ఊగే బస్సులో కాగితం మీద పెన్ను పెడితే అక్షరాలు సోయి తప్పినట్టు నడుస్తాయి, పైగా పక్కన కూర్చున్నవాళ్ళు ఏం రాస్తున్నవ్, అర్జీయా అని తొంగిచూస్తారు. అందుకని రాయదు. ఒక్కొక్క వాక్యాన్ని నోట్లో వక్కపలుకులా ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ బోధన్ దాకా పోయి, దిగకుండా అదే బస్సులో తిరిగొచ్చి, ఇంట్లో పొయ్యి మీద అన్నం ఉడికేలోపు గబగబా కాగితం మీద ఉమ్మేస్తుంది. ఇంట్లో కూర్చుని రాయవచ్చు కదా అంటే, ఇంట్లో బల్ల ఒకటుంది, దాని మీద మిక్సీ, దాని పక్కన కరెంటు పోయినప్పుడు వెలిగే లైటు, దాని పక్కన నాగేందర్ షాపు నుంచి రిపేరుకని తెచ్చిన మోటారు ఏదో ఒకటి ఎప్పుడూ పేగులు బయటపెట్టుకుని ఉంటుంది. నాగేందర్‌ది మోటారు వైండింగ్ షాపు. మంచివాడు. ఆమె రాయడానికి ఏనాడూ అడ్డం చెప్పలేదు, చదవడానికి కూడా ఏనాడూ అడ్డం పడలేదు, అంటే చదవలేదు. అమ్ముడుపోని కట్టలు దీవాన్ కింద ఉంటే, "నీ నవలకు మనకంటె చెదల్లనే పాఠకులు ఎక్కువున్నరు. అవి సగంల ఇడిచిపెట్టయి గూడ" అన్నాడు ఒకసారి, ఊడుస్తూ. ఆ మాట నచ్చి ఆమె దాన్ని మూడో నవలలో ఒక మొగుడి నోట్లో పెట్టింది. అతను చదవడు కాబట్టి ఇంతవరకూ కనిపెట్టలేదు.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమని ప్రకటించిన రోజు, వీధి వీధంతా వేములవాడ పోదామా, బాసర పోదామా అని లెక్కలు వేసుకుంటే, జ్యోతిరాణి గిన్నెలు తోముతూ తోముతూ ఆగిపోయి, ఇది గవర్నమెంటు నాకిచ్చిన రాత గది, కిటికీతో సహా అనుకుంది. ఇంట్లో అమ్మగారింటికి అని చెప్పి బయలుదేరేది. అమ్మగారిల్లు శక్కర్‌నగర్‌లోనే, అబద్ధమేమీ కాదు, ఆ ఇంటి మీదుగానే బస్సు పోతుంది. చిన్నప్పుడు ఆ ఇంటి గోడలకు కూడా తీపి వాసన ఉండేది. చెరకు ఆడే కాలంలో ఊరంతా పాకంలో ముంచి తీసినట్టు, బట్టలు ఆరేస్తే బట్టలకు, జుట్టు దువ్వితే దువ్వెనకు అదే వాసన. చక్కెర ఫ్యాక్టరీ సైరను కూస్తే బాపు చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా లేచేవాడు. ఆ సైరను మోగి మోగి ఒకనాడు మోగలేదు. మోగని రోజు బాపు తిన్నంతసేపూ తిన్నాడు, తిని, ఇంకా కూర్చునే ఉన్నాడు. చెయ్యి ఎండిపోయేదాకా కూర్చున్నాడు. ఆ ఎండిన చెయ్యి గురించే ఆమె మొదటి నవల. నూరు పుస్తకాలు కూడా అమ్ముడుపోలేదు. అప్పుడు ఆమెకు శ్రావణమాసం గుర్తొచ్చింది. వరలక్ష్మీ వ్రతం నాడు పేరంటానికి పిలిచి, తాంబూలంలో శనగలు, జాకెట్టు ముక్క, అరటిపళ్ళు, మధ్యలో నవల. వాయినం వద్దనకూడదు కదా. "ఇస్తినమ్మ వాయినం" అంటే "పుచ్చుకుంటినమ్మ వాయినం" అనక తప్పదు. వీధిలో ఇరవై ఇళ్ళకు సాహిత్యం అట్లా చేరింది. ఎదురింటి ధనలక్ష్మి ఏడాది పోయాక అదే పుస్తకాన్ని అదే జాకెట్టు ముక్కతో కలిపి ఎవరికో వాయినమిస్తే, అది చేతులు మారి మారి మళ్ళీ జ్యోతిరాణి దగ్గరికే వచ్చింది. తనూ పుచ్చుకుంది. ఏం చేస్తుంది మరి.

డ్రైవరు ఎక్కాడు. ఇంజను గురగురమంది. రాలేదు, రారు, ఇక రారు. సరే, రాకపోనీ, ముగింపు తనే రాయలేదా, డిగ్రీ చదివింది, మూడు నవలలు రాసింది. రాసింది కూడా, మూడు ముగింపులు రాసింది. ఒకదాంట్లో, నవలలోని మాటల్లేని తోడికోడళ్ళిద్దరిలో పెద్దామెకు జ్వరమొస్తే చిన్నామె జావ కాచి ఇస్తుంది. ఆ పేజీ రాస్తూ రాస్తూ తనకే ఆవలింత వచ్చింది. ఇంకొకదాంట్లో వానకు నడిమి గోడ కూలిపోతుంది. ఆ గోడ సిమెంటుదని మూడో అధ్యాయంలో తనే రాసుకుంది. మూడోదాంట్లో ఇద్దరూ కౌగిలించుకుని ఏడుస్తారు, చదువుతుంటే టీవీలోంచి ఎవరో వీణ వాయిస్తున్నట్టనిపించి చింపేసింది. రాత్రి నాగేందర్ అన్నం తింటూ, "గంత సోచాయిస్తున్నవేంది, ఇంకో బర్రెను కొను, అయిపాయె" అన్నాడు. తను రాసిన మూడింటికంటే అదే బాగుంది. అందుకే కోపమొచ్చింది.

బర్రె. అసలు నవలంతా బర్రెదే. ఒక శనివారం పెంటవ్వ ముందు సీట్లో "మా ఊర్ల ఇద్దరు యారండ్లున్నరు సుమిత్రా" అని ఎత్తుకుంది. అన్నదమ్ముల పెళ్ళాలు. పాళ్ళు పంచుకున్నారు, పొలం మధ్యలో గట్టు వేసుకున్నారు, ఇంటి మధ్యలో గోడ పెట్టుకున్నారు, బర్రెను మాత్రం కోసి పంచలేరు కదా, వాకిట్లో ఉమ్మడి గుంజకే కట్టేశారు, పొద్దటి పాలు పెద్దామెకు, మాపటి పాలు చిన్నామెకు. ఆడవాళ్ళిద్దరికీ మాటలు బందైనయి. ఎందుకు బందైనాయో పెంటవ్వ ఒకసారి కోడి మీద పెట్టేది, ఒకసారి చీర మీద, ఒకసారి ఎవరి పెళ్ళిలోనో అన్న మాట మీద. జ్యోతిరాణి మూడూ వాడుకుంది. కానీ మాటలు బందైనంత మాత్రాన ఒక్క వాకిట్లో పనులు బందు కావు. నల్లా ఒక్కటే, కరెంటు బిల్లు ఒక్కటే, చుట్టాలూ వాళ్ళే, చావులూ వాళ్ళవే. అందుకని బర్రెతో మాట్లాడేవారు. "ఓ బర్రే, నల్లచ్చింది." గోడ అవతల బిందె చప్పుడయ్యేది. "ఓ బర్రే, రేపు పెద్దబాపు దినాలట, ఎవలన్న పోయేదుంటె పొద్దుగాల్లనే తయారుండమను." తెల్లారి ఇద్దరూ ఒకే ఆటోలో ఇటొకరు అటొకరు కూర్చుని పోయేవారు. ఏళ్ళకేళ్ళు గట్లనే నడిసింది సుమిత్రా, ఒక్క ముచ్చట తప్పిపోలే, ఊర్ల అందరికన్న ఆ బర్రెకే ఎక్కువ తెలుసు, అనేది పెంటవ్వ. ఇట్లా ఉండగా మొన్న బర్రె ముసలిదై ఎండిపోయింది, అన్నదమ్ములు తోలుకుపోయి అంగట్లో అమ్మేశారు. "ఇగ ఇద్దరు ఎట్ల మాట్లాడుకుంటరో" అని పెంటవ్వ అంటుండగా ఎడపల్లి వచ్చింది, దిగిపోయింది. ఆ తర్వాతి శనివారాలన్నీ టమాట ధర, సుమిత్ర మోకాళ్ళు, పింఛను. బర్రె ఊసు లేదు. వెనక సీట్లో ఒక మనిషి ఊపిరి బిగబట్టుకుని ఉందని వాళ్ళకేం తెలుసు.

బస్సు గేటు దాకా పోయి ఆగింది, ఎవరో బయట నుంచి రేకు మీద కొట్టారు. ఖాళీ గంప ముందు ఎక్కింది, దాని వెనక పెంటవ్వ ఎక్కింది. ఒక్కతే. జ్యోతిరాణి గుండె లేచి, మళ్ళీ సగం దాకా దిగి కూర్చుంది, ఎందుకంటే ఒక్క మనిషి ఎవరితో మాట్లాడుతుంది. పెంటవ్వ నడుచుకుంటూ వచ్చి ముందు సీటు మీద దస్తీ తీసింది, దులిపింది, మడత పెట్టింది, జ్యోతిరాణి చేతికిచ్చింది. "ఇగో బిడ్డా, నీ దస్తీ. నీ సంచి జర జరుపు." జరిపింది. పెంటవ్వ పక్కనే కూర్చుంది. పుంటికూర పుల్లటి వాసన, పొగాకు వాసన, ఎండ వాసన.

సారంగాపూర్ వచ్చింది, పోయింది. ఏడాది పాటు వెనక నుంచి చూసిన ముడి, ముడిలో చామంతిపువ్వు, మెడ మీద పచ్చబొట్టు మాత్రమే పెంటవ్వ అనుకుంది ఇన్నాళ్ళూ; పక్క నుంచి చూస్తే ఆమెకు ముక్కుంది, ముక్కుకు రెండువైపులా పుల్లలున్నాయి, పెదవి మీద నవ్వులాంటిదేదో ఉంది. అడగాలి. అడిగితే, ఇన్నాళ్ళూ దొంగచెవులు పెట్టి విన్నానని ఒప్పుకున్నట్టే. అడగకపోతే ఆషాఢం. అడిగాక ఆమె మొహం మాడ్చుకుని లేచిపోతే, వచ్చే శనివారం నుంచి ఇంకో బస్సు ఎక్కితే, ఈ నవలతో పాటు ఇక రాబోయే నవలలు కూడా పోతాయి, కిటికీ ఉన్న ఈ రాత గది పోతుంది. ముందర చెరకు ట్రాక్టరు ఒకటి దారంతా ఆక్రమించి నడుస్తోంది, దాని ట్రాలీ కదలడం కంటే ఊగడమే ఎక్కువ. చిన్నప్పుడైతే వెనక నుంచి ఒక గడ గుంజుకునేవాళ్ళు. గుంజుకున్న చెరకుకే తీపి ఎక్కువని అందరికీ తెలుసు. విన్న కథ కూడా అంతేనేమో, అడిగి తీసుకుంటే చప్పబడిపోతుందేమో. బస్సు ట్రాక్టరు వెనకే పాకుతోంది.

"ఇయ్యాల సుమిత్ర రాలే" అంది పెంటవ్వ, ముందుకు చూస్తూనే. "మోకాళ్ళు లేస్తలెవ్వంట."

"అట్లనా అవ్వా" అంది జ్యోతిరాణి, ఎవరి సంగతో తెలియనట్టు.

"మరి నీకెట్ల ఇయ్యాల?"

"నాకేంది అవ్వా?"

"ఏం తెల్వనట్టు అడుగుతవేంది బిడ్డా. మెల్లగ మాట్లాడ్తె మా సీటు మీదికి వంగుతవ్, గట్టిగ మాట్లాడ్తె నీ పెదువులు ఆడుడు బందైతది. సుమిత్ర నన్ను మోచేత్తోని పొడిసేది, ఎనకామెకు ఇనవడ్తలేదే, జర గట్టిగ సెప్పు అని." పెంటవ్వ ఇప్పుడు తిరిగి చూసింది. "సుమిత్రకు ఆ ముచ్చటంత ఎర్కే గదనే. దానిదీ మా ఊరే. దానికి సెప్పేదేముంటది నేను?"

జ్యోతిరాణి చెవులు వేడెక్కాయి. మూడు నవలల రచయిత్రి, మహా గడుసుది, ఎవరి కంటా పడకుండా ఊరందరినీ పుస్తకంలో పెడుతుందని తన గురించి తనకున్న పేరు ట్రాక్టరు కింద పడింది. పడ్డాక చూసుకుంటే ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. అంటే పెంటవ్వ ఏడాదిగా కథ చెబుతున్నది తనకే. సుమిత్రను నడుమ కూర్చోబెట్టి, ఆమె మీదుగా. ఇక దాచేదేముంది.

"నేను నవల రాస్తున్న అవ్వా. మీ ఊరి యారండ్ల మీద."

"రాస్తవని మాకు ఎర్కే. కండక్టరు జపం అనుకుంటడు గని, జపం సేసేటోళ్ళు గట్ల నవ్వుతరా?"

"కోపం లేదా?"

"కోపమెందుకు. మంచిగ రాస్తున్నవా, లేదా?"

"అంత అయిపోయింది. ఆఖరుకే ఆగింది. బర్రె పోయినంక ఏమైందో చెప్పు. ఇయ్యాల సాయంత్రానికి ఇయ్యాలె."

పెంటవ్వ గంపను కాళ్ళ మధ్య సర్దుకుంది. "నన్నడిగితె ఏం సెప్పాలె. ఇంక కాలే. గుంజ ఖాలీ ఉన్నది, నల్లస్తున్నది, పోతున్నది. ఒకలు పట్టుకుంటుండ్రు, ఒకలకు దొరుకుతలేదు. మొన్న సొంత మేనబావ సచ్చిపోతె ఒకామెకు సాయంత్రం దాక తెల్వలే. గట్లున్నది." గొంతు కొంచెం తగ్గింది. "నువ్వైతె సదువుకున్నవ్, రాస్తున్నవ్, నువ్వే సెప్తవనుకున్న. ఇద్దర్ల ఎవరు ముందుగాల మాట్లాడ్తరు? ఏమని మాట్లాడ్తరు?"

మేనబావ చనిపోతే సాయంత్రం దాకా తెలియని ఆ ఒకామె ఎవరో జ్యోతిరాణికి ఆ గొంతులోనే తెలిసిపోయింది. ఊర్లో ఎవరో యారండ్లు కారు. ఈ గంప, ఈ ముక్కుపుల్లలు, ఈ ఖాళీ వాకిలి. జావ, కూలిన గోడ, వీణ, మూడూ నోటి దాకా వచ్చి సిగ్గుపడి వెనక్కిపోయాయి. కాగితానికైతే ఏదో ఒకటి సరిపోయేది, పక్కన కూర్చున్న మనిషికి చెప్పడానికి ఒక్కటీ పనికిరాదు. రేపు పొద్దున లేచి నల్లా దగ్గర నిలబడే మనిషికి ఆ నల్లా దగ్గరే జరిగేది కావాలి. పెదవులు కదిలాయి. ఈసారి వాటిలోంచి చప్పుడు కూడా వచ్చింది.

"పొద్దున నల్లొస్తది అవ్వా. పెద్దామె అలవాటుల వాకిట్లకొచ్చి, ఓ బర్రే అంటది. అన్నంక చూస్తది, బర్రె లేదు. మాట సగం బయటికొచ్చె, మింగుదామంటె పోదు. గుంజ దిక్కు చూసుకుంట, నల్లొచ్చింది అని మిగిలిన సగం గూడ అంటది, మెల్లగ. గోడవతల చిన్నామె బిందె పట్టుకొని నిలవడ్డది. పోవాల్నా వద్దా? తనతోని అన్నట్టా, అననట్టా? ఇన్నేండ్ల సంది బర్రెకు చెప్తె తను వినేది. ఇప్పుడు గుంజకు చెప్తె వినాల్నా? అట్ల పిచ్చిదాని లెక్క గుంజతోని మాట్లాడే మనిషిని చూసి చిన్నామెకు కోపం రాదు, నవ్వు రాదు, ఏమో అయితది లోపట. బిందె కింద పెడ్తది. గోడ పక్కకెల్లి వాకిట్లకొస్తది."

బస్సులో ముందువైపు సీటువాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. ట్రాక్టరు ఎప్పుడు పక్కకు తప్పుకుందో తెలియలేదు.

"వచ్చి?" అంది పెంటవ్వ.

"వచ్చి, అక్కా, బర్రె లేదు గదా, అంటది."

"గంతేనా?"

"గంతే. ఇన్నేండ్లల్ల అదే మొదటి మాట."

పెంటవ్వ ముందు సీటు కమ్మీని పట్టుకుంది. ముత్యం "ఎడపల్లి, ఎడపల్లి" అని అరిచాడు, ఈల వేశాడు, ఇద్దరు దిగారు, ముగ్గురు ఎక్కారు. "పెంటవ్వా, నీ ఊరొచ్చింది, దిగవా ఏంది?" అన్నాడు. ఆమె వినలేదు. బస్సు కదిలింది. ఎడపల్లి ఇళ్ళు, చెట్లు, దాటాక వరినాట్లు పడుతున్న పొలాలు కిటికీలో నుంచి వెనక్కి పోతుంటే ఆమె ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు కూర్చుంది.

"పెద్దామె అట్ల గుంజకు సెప్పుడు నిజమే" అంది చాలాసేపటికి. "మొన్న సెప్పింది. నేను ఇన్న. ఇని, ఉలకలే పలకలే." ఇంకాసేపయ్యాక, "అంటె, సిన్నదే అనాలెనంటవ్ ముందుగాల."

"నేననలే అవ్వా. నవల అన్నది."

"నవలకేంది, ఏమన్న అంటది. దానికి పొగరున్న యారాలుందా" అని, తన మాటకు తనే నవ్వింది. అప్పుడు బయటికి చూసింది. "గిదేందే, శక్కర్‌నగర్ గదా గిది. నా ఊరు పోయిందా?" ముత్యం వైపు తిరిగి, "నువ్వు సెప్పొద్దా?" అంది. "ఊరంత ఇనేటట్టు ఒర్లిన గదనే" అన్నాడు ముత్యం. "పోనీ తీ. మల్ల వచ్చేటప్పుడు దిగుత. పైసలా ఏమన్ననా" అంది పెంటవ్వ.

బోధన్‌లో ఇద్దరూ దిగలేదు. బస్సు ఆగినంతసేపు పెంటవ్వ కొంగు ముడి విప్పి శనగలు తీసి చెరిసగం పెట్టింది, ఇద్దరూ నములుతూ కూర్చున్నారు. తిరుగుదారిలో ఎండ పక్క మార్చింది, ఇప్పుడది పెంటవ్వ చెంప మీద పడుతోంది. జ్యోతిరాణి ఆ చెంపనే చూస్తూ, దీని గురించి రాయకూడదు, దీన్ని నాకు నేను ఉంచుకోవాలి అనుకుంది. అట్లా అనుకోవడం ఆమెకు ఇదే మొదలు. ఎడపల్లి వస్తుంటే పెంటవ్వ లేచి, గంప నడుం మీద పెట్టుకుని, ఒక్క అడుగు వేసి ఆగింది.

"అట్లంటె మరి, పెద్దామె ఏమంటది?"

"నవల ఆడికే అయిపోతది అవ్వా."

"నాకు అయిపోదు గదనే" అంది పెంటవ్వ, అని దిగింది. దిగి, ఊర్లోకి పోయే దారి పట్టింది, మెల్లగా కాదు, నల్లా వచ్చే వేళ దాటిపోతుందేమో అన్నట్టు.

బస్సు కదిలాక జ్యోతిరాణి పరమేశ్వర్‌కు ఫోన్ చేసింది. ఇంటికి పోయి అన్నం పొయ్యి మీద పెట్టి రాసేదాకా ఆగబుద్ధి కాలేదు. రాసుకో అని, పక్కన ఎవరున్నారో, ఎవరు వింటున్నారో పట్టించుకోకుండా, పెదవులు దాచుకోకుండా, నల్లా వచ్చిన దగ్గర నుంచి చివరి మాట దాకా చెప్పింది. అవతల కీబోర్డు టకటకమని, ఆగింది.

"తర్వాత చెప్పక్కా."

"అయిపోయింది."

"గదేంది? మరి పెద్దామె ఏమన్నది?"

"అది వాళ్ళింటి ముచ్చట పరమేశ్వర్. మనకెందుకు. నువ్వు అచ్చుకు ఎక్కియ్యి."